ఉల్టీ బ్యాటరీ, ఎర్రదారం

పోయిన చలికాలం గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ చదివే తెలుగు పిల్లలు నలుగురు ఢిల్లీ జియా సరాయ్‌లోని మా ఇంటికి వచ్చారు. వాళ్ళ కాలేజీ వర్క్‌షాపుకు ఎవరో ఒక పాత కారు ఇచ్చారట. అంతా బాగుచేసుకున్నారు గానీ హీటరు ఫ్యాను మాత్రం మాట వినడం లేదట. "అంకుల్, స్టెప్స్ చెప్పండి, రాసుకుంటాం" అన్నారు. చెప్పాను. ముందు ఫ్యూజు చూడండి. తర్వాత స్విచ్చి, తర్వాత ఎర్తు. అన్నీ బాగుంటే మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. అరపేజీ కూడా నిండలేదు. మా ఆవిడ సుగుణ వేసిన పెసరట్లు తినడానికే వాళ్ళకు ఎక్కువసేపు పట్టింది.

వాళ్ళు వెళ్ళిపోయాక నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్ళకు పైగా ఢిల్లీలో కార్ల కరెంటు పని చేసినవాడి దగ్గర ఉన్నది అరపేజీయేనా? పైగా ఆ అరపేజీ అప్పుడూ నాకు కంఠతా వచ్చు. వచ్చి కూడా ఒక హీటరు ఫ్యాను దగ్గర తప్పు చేశాను, చేసిన తప్పును ఇంకొకరి మీద వేశాను. పిల్లలకు చెప్పాల్సింది అది. పెసరట్ల ముందు నోరు రాలేదు. కాబట్టి రాస్తున్నాను.

ఆసుపత్రి హిందీ

మాది రేపల్లె. అక్కడ బస్సులకు లైట్లూ హారన్లూ బిగించే షెడ్డులో పని నేర్చుకున్నాను. సుగుణకు ఢిల్లీలో పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆవిడ ఉద్యోగం వెంట నేను వచ్చాను. ఇక్కడి మా చర్చిలో సగం మంది మగవాళ్ళం అలా వచ్చినవాళ్ళమే. అందులో మాకెవరికీ నామోషీ లేదు.

సుగుణకు వార్డులో పదిరోజులకే హిందీ పట్టుబడింది. డ్యూటీ నుంచి రాగానే ఆ రోజు నేర్చుకున్న మాటలు నాకు అప్పజెప్పేది. దర్ద్ అంటే నొప్పి. బుఖార్ అంటే జ్వరం. దస్త్ అంటే విరేచనాలు. ఉల్టీ అంటే వాంతి. కబ్ సే అంటే ఎప్పటినుంచి. అలా నాకు వచ్చిన హిందీ అంతా ఆసుపత్రి హిందీయే. కోట్లా ముబారక్‌పూర్‌లో బల్బీర్ ఉస్తాద్ వర్క్‌షాపులో పనికి చేరిన మొదటిరోజు, కారు తెచ్చిన పెద్దమనిషిని "దర్ద్ కహా హై?" అని అడిగాను. ఆయన తన మోకాలు చూపించాడు.

రెండోవారంలో ఒక పాత ఇంగ్లండు కారు వచ్చింది. ఉస్తాద్ బానెట్ ఎత్తి చూసి, "ధ్యాన్ సే! ఇస్కీ బ్యాటరీ ఉల్టీ హై" అని నాకు జాగ్రత్త చెప్పి టీ తాగడానికి వెళ్ళాడు.

బ్యాటరీ వాంతి చేసుకుందన్నమాట, అనుకున్నాను. వంగి చూస్తే నిజంగానే దాని మూతి చుట్టూ తెల్లగా ఏదో పొంగి గడ్డకట్టి ఉంది. పాపం అనిపించింది. బ్యాటరీ విప్పి, వేడినీళ్ళలో సోడా కలిపి కడిగి, గుడ్డతో తుడిచి, గ్రీజు రాసి మళ్ళీ బిగించాను. రేపల్లె బస్సులన్నిటికీ బిగించినట్టే, మైనస్ తీగను బాడీకి. క్లాంపులు సరిగ్గా పట్టలేదు. సుత్తితో రెండు దెబ్బలు వేసి పట్టేట్టు చేశాను. సుత్తి వాడాల్సి వచ్చిందంటే ఎక్కడో ఏదో తేడా ఉందని ఆ క్లాంపులు నాకు చెప్తూనే ఉన్నాయి. నేను వినలేదు.

ఇక్కడ ఒక ముక్క వివరంగా చెప్పాలి. కారులో బ్యాటరీ నుంచి లైటుకు పోయేది ఒక్క తీగే. కరెంటు తిరిగి వచ్చే దారి కారు బాడీయే. దాన్నే మేం ఎర్తు అంటాం. ఇప్పటి కార్లన్నిటికీ బ్యాటరీ మైనస్సే బాడీకి కలిపి ఉంటుంది. కొన్ని పాత ఇంగ్లండు కార్లకు మాత్రం ప్లస్ బాడీకి ఉంటుంది. అలాంటి కారుది ఉల్టీ బ్యాటరీ, అంటే తిరగేసిన బ్యాటరీ, అని ఢిల్లీ మెకానిక్కుల మాట. ఉల్టీకి ఆ అర్థం కూడా ఉందని సుగుణ వార్డులో ఎవరూ చెప్పలేదు.

ఇంజను స్టార్టు చేశాను. బానెట్ కింద కటౌట్ అనే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, డైనమోకూ బ్యాటరీకీ మధ్య కాపలాదారు. అది భగ్గున పొగలు కక్కింది. ఉస్తాద్ టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు. నేను పొట్ట పట్టుకుని, నోటి దగ్గర చెయ్యి తిప్పి, "ఉల్టీ... సాఫ్ కియా" అని నాకు వచ్చిన హిందీలో విన్నవించుకున్నాను. ఆయనకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. అర్థమయ్యాక పక్కనున్న టైరు మీద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"తబ్ నహీ కీ థీ, పాగల్! అబ్ కీ హై ఉల్టీ!" అన్నాడు పొగ చూపించి. వాంతి అప్పుడు కాదురా, ఇప్పుడు చేసుకుంది అని.

సాయంత్రానికి ఆ కథ కోట్లా దాటింది. వారం తిరక్కుండా కశ్మీరీ గేట్ స్పేర్‌పార్టుల బజారుకు చేరింది. నన్ను చూడనివాళ్ళకు కూడా వాంతి బ్యాటరీ మద్రాసీ తెలుసు.

ఉస్తాద్ నేర్పిన రెండు సంగతులు

బల్బీర్ ఉస్తాద్ ఆరోజు నన్ను తిట్టలేదు, కొట్టలేదు. పని నేర్చుకునేవాణ్ణి తిట్టకూడదని నాకు నేర్పింది ఆయనే. ఆ ఒక్క విషయంలో ఆయనకు ఇప్పటికీ దండం పెడతాను.

రెండో సంగతి కూడా ఆరోజే నేర్పాడు. కారు ఆయన వచ్చి ఏమైందని అడిగితే, ఉస్తాద్ తడుముకోకుండా "కటౌట్ పురానా థా సాబ్, దాని ఆయుష్షు తీరింది" అన్నాడు. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగి, "గల్తీ గేట్ కే అందర్. బాహర్ నహీ" అన్నాడు. తప్పు గేటు లోపలే ఉండాలి, బయటికి పోకూడదు. మంచి యజమాని చెడ్డ పాఠం చెప్తే అది మరీ గట్టిగా పట్టుకుంటుంది, ఎందుకంటే మనం ఆయన్ని ప్రేమిస్తాం. నేను దాన్ని బంగారంలా దాచుకుని పాతికేళ్ళకు పైగా వాడాను. కస్టమరు ముందు "నా పొరపాటు" అన్న మాట నా నోట రాలేదు.

ముందు అడుగు, తర్వాత ముట్టుకో

పని నిజంగా నేర్పింది మాత్రం సుగుణే. వార్డులో పేషెంటు దగ్గరికి వెళ్ళగానే ఆవిడ చెయ్యి వెయ్యదు. ఎప్పటినుంచి, దేని తర్వాత, ఏం తిన్నారు అని అడుగుతుంది. "కారుని కూడా అలాగే అడగండి. అది చెప్పకపోతే తెచ్చినాయన్ని అడగండి" అనేది. అడగడం మొదలుపెట్టాక నా పని సగం తగ్గింది.

ఒకసారి ఒక దంపతులు హీటరు ఫ్యాను కటకటలాడుతోందని వచ్చారు. వేరే వర్క్‌షాపులో మోటారు మార్చాలన్నారట. నేను స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "ఎప్పటినుంచి? దేని తర్వాత?" అన్నాను. ఆవిడ "దీపావళి తర్వాత్నుంచి భయ్యా" అంది. "కారులో ఏమైనా తింటారా?" అంటే ఆయన "ఎప్పుడూ తినను" అని గట్టిగా అన్నాడు. ఫ్యాను డబ్బా విప్పి కింద పేపరు పరిచి వంచితే దోసెడు వేరుశనగ పొట్టు రాలింది. చలికాలం ఢిల్లీలో వేరుశనక్కాయలు తినకుండా ఎవడుంటాడు! ఆవిడ పొట్టు వైపు చూసి, ఆయన వైపు చూసి, "డాక్టర్ నే మనా కియా థా నా?" అంది. డాక్టరు వద్దన్నాడు కదా అని. మోటారుకు ఏ జబ్బూ లేదు.

ఇలాంటివి చాలా ఉన్నాయి. చెప్పుకోవడానికి బాగుంటాయి, అందులో గెలిచింది నేనే కాబట్టి. ఇప్పుడు ఓడిపోయిన సంగతికి వస్తాను.

ఇద్దరు యాకూబ్‌లు

నా పేరు యాకోబు. ఢిల్లీలో ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు, యాకూబ్ అయిపోయింది. కశ్మీరీ గేట్‌లో మోటారు వైండింగ్ చేసే ఆయన పేరు నిజంగానే యాకూబ్. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆయన దుకాణం ఒక తలుపంత వెడల్పు, మనిషి లోపలికి వెళ్తే పని బయటికి రావాలి. పాత కార్ల మోటార్లు బజారులో దొరకవు. కాలిపోయిన మోటారులోని రాగి తీగను విప్పి, వేళ్ళతో చుట్లు లెక్కపెట్టి, కొత్త తీగ చుట్టి మళ్ళీ బతికించేవాడు ఆయన. "మోటర్ మర్తీ నహీ ఛోటే, మారీ జాతీ హై" అనేవాడు. మోటారు చావదు, దాన్ని చంపుతారు అని.

ఒకే పేరు కాబట్టి ఆయన బడే, అంటే పెద్ద; నేను ఛోటే, చిన్న. నా వాంతి బ్యాటరీ కథ ఆయనకు ఎంత ఇష్టమంటే, దుకాణానికి ఎవరొచ్చినా నా చేత చెప్పించేవాడు. నేనూ చెప్పేవాణ్ణి. వర్క్‌షాపులో ఉస్తాద్ తర్వాత ఉల్టీ కార్ల సంగతి తెలిసింది నాకొక్కడికే అన్న గర్వం కూడా అందులో కొంత ఉండేది. ఉస్తాద్ పోయాక వర్క్‌షాపు నా చేతికి వచ్చింది. ఇరవై ఏళ్ళలో యాకూబ్ భాయ్ చుట్టిన మోటారు ఒక్కటి కూడా తిరిగి రాలేదు.

ఖన్నా గారి హీటరు

ధౌలా కువాన్ అవతల ఖన్నా గారని రిటైరైన లెక్చరర్ ఉండేవారు. వాళ్ళ నాన్నగారి లేతాకుపచ్చ ఇంగ్లండు కారు ఆయన ప్రాణం. చలికాలం ఆదివారాల్లో భార్యను అందులో షికారు తిప్పడం ఆయనకు అలవాటు. మేమంతా మేడమ్ అని పిలిచే ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. నెలకోసారి వాళ్ళింటి లాన్‌లో పాత కార్లవాళ్ళు పదీ పదకొండుమంది చేరి, టీ తాగి, గోబీ పకోడాలు తిని, ఒకరి కారు బానెట్‌లోకి ఒకరు తొంగిచూసుకునేవారు. యాకూబ్ భాయ్‌కి వచ్చే పనిలో చాలా భాగం ఆ లాన్ నుంచే వచ్చేది.

ఒక జనవరిలో ఆ కారు హీటరు ఫ్యాను ఆగిపోయింది. ఫ్యూజు, స్విచ్చి, ఎర్తు చూశాను. మోటారే కాలింది. కశ్మీరీ గేట్‌కు పట్టుకెళ్ళాను. యాకూబ్ భాయ్ రెండు వారాలు అడిగాడు. నేనేమో ఆదివారానికల్లా ఇస్తానని మేడమ్‌కు మాట ఇచ్చేశాను, నాలుగు రోజులే ఉన్నాయి. "చుట్టొద్దు, ఇదే డబ్బాలో కొత్తరకం మోటారు అమర్చెయ్" అన్నాను. ఆయనకు నచ్చలేదు, అయినా నా తొందర చూసి అమర్చాడు. దాని తీగలు రెండూ నలుపే. ఒకదానికి ఎర్రదారం కట్టి ఇచ్చాడు.

"లాల్ ధాగా ప్లస్ హై, ఛోటే. గాడీ ఉల్టీ హై, యాద్ రఖ్‌నా."

ఎర్రదారం ప్లస్, బండి ఉల్టీది, గుర్తుంచుకో అని. నేను పడీపడీ నవ్వాను. "ఉల్టీ గురించి నాకు చెప్తున్నావా, బడే భాయ్?"

పాత మోటారుకు ఈ పట్టింపు లేదు. లోపల అంతా తీగ చుట్టలే కాబట్టి ప్లస్ మైనస్ ఎటు ఇచ్చినా ఒకే వైపు తిరుగుతుంది. కొత్త మోటారులో అయస్కాంతాలుంటాయి. దానికి తీగలు మారిస్తే వెనక్కి తిరుగుతుంది. నాకిది తెలుసు. బెంచి మీద బ్యాటరీ పెట్టి, ఎర్రదారం ప్లస్‌కిచ్చి చూశాను. గోడ మీది క్యాలెండరు ఎగిరింది. తృప్తిగా కారులో బిగించడానికి డాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరాను. తల పెడళ్ళ దగ్గర, కాళ్ళు తలుపు బయట. అక్కడ కళ్ళకు పని తక్కువ, చేతులకు ఎక్కువ. ముప్పై ఏళ్ళుగా చేసిందే చేతులు చేశాయి. ఎర్రదారం తీగ స్విచ్చి నుంచి వచ్చే తీగకు, రెండోది బాడీకి. ఆ కారులో స్విచ్చి నుంచి వచ్చేది మైనస్.

ఫ్యాను తిరిగింది. శబ్దం బ్రహ్మాండంగా ఉంది. గాలి మాత్రం జబ్బుపడినవాడి ఊపిరిలా ఉంది. ఆ హీటరులో రెక్కల ఫ్యాను కాదు, ఉడుత పంజరంలాంటి చక్రం ఉంటుంది. అది ఎటు తిరిగినా గాలి ముందుకే వస్తుంది, కాకపోతే వెనక్కి తిరిగితే బాగా తగ్గిపోతుంది. అందుకే నాకు తట్టలేదు అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఎర్తు మూడుసార్లు చూశాను. బాగానే ఉంది. బాగానే ఉంది గానీ అది ప్లస్. ఆ ఒక్కటీ చూడలేదు. రబ్బరు గొట్టాలు మార్చాను, స్విచ్చి మార్చాను. బెంచి మీద క్యాలెండరును ఎగరేసిన మోటారు కారులో ఎందుకు ఊదలేదని ఒక్క ప్రశ్న వేసుకుని ఉంటే సరిపోయేది. అడగమని ఊరంతటికీ చెప్పేవాణ్ణి, నన్ను నేను అడగలేదు.

ఆదివారం లాన్‌లో అందరూ ఉండగా మేడమ్ కారులో కూర్చుని హీటరు వేసుకుంది. కాసేపు ఆగి కిటికీలోంచి తల బయట పెట్టింది.

"యాకూబ్, ఇది హీటరా, లోపల ఎవరైనా కూర్చుని ఊదుతున్నారా?"

పదకొండుమందీ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. హీటరు కన్నా అవే వేడిగా ఉండి ఉంటాయి. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "మోటర్ కమ్జోర్ హై, మేడమ్. గల్తీ యాకూబ్ కీ హై." మోటారు బలహీనం, తప్పు యాకూబ్‌ది అని.

"కౌన్‌సా యాకూబ్?" అన్నారెవరో, ఏ యాకూబ్ అని.

"కశ్మీరీ గేట్ వాలా" అన్నాను.

అంతే. నాలుగు మాటలు. ఖన్నా గారు పద్ధతి గల మనిషి. విన్నది అందరికీ చెప్పారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, మిగతావాళ్ళు నష్టపోకూడదని.

యాకూబ్ భాయ్ దగ్గరికి వెళ్ళి మోటారు బలహీనమని మొహం మీదే చెప్పాను. ఆయన "తార్ దేఖీ?" అన్నాడు. తీగలు చూశావా అని. "ముప్పై ఏళ్ళ నుంచి తీగలే చూస్తున్నాను" అన్నాను. ఆయన తల ఊపి, టీ చెప్పాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

మరుసటి చలికాలం వెళ్తే ఆయన అల్మారాలో పాత కార్ల మోటార్లు లేవు. మిక్సీల మోటార్లున్నాయి, వరసగా. నేను వాటినే చూస్తుంటే ఆయనే నవ్వాడు. "బుఢాపే మే చట్నీ పీస్ రహా హూ, ఛోటే." ముసలితనంలో చట్నీలు రుబ్బుకుంటున్నాను అని. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మే నెలలో

ఆ తర్వాతి మే నెలలో మా గదిలో కూలర్ ఆగిపోయింది. నేనే కెపాసిటర్ మార్చాను. జోరుగా తిరిగింది. గది మాత్రం పొయ్యిలాగే ఉంది. సుగుణ డ్యూటీ నుంచి వచ్చి, చెమట తుడుచుకుంటూ కిటికీలోంచి కూలర్ వెనక్కి చూసింది. బాల్కనీలో మేడమీది కుర్రాళ్ళు ఆరేసుకున్న చొక్కాలు జెండాల్లా రెపరెపలాడుతున్నాయి.

"ఏవండీ, ఫ్యాను బానే పనిచేస్తోంది. గాలి మాత్రం ఆ పిల్లల చొక్కాలకి కొడుతున్నారు. ఉల్టా తిరుగుతోందండీ ఇది!"

ఆ మాటతో నేను మంచం మీద కూర్చుండిపోయాను. మనసు కూలర్ మీద లేదు. డాష్‌బోర్డు కింద చీకట్లో నా వేళ్ళ మధ్య ఉన్న ఎర్రదారం కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో ఖన్నా గారింటికి వెళ్ళి హీటరు చూస్తానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "మే నెలలో హీటరా? ఎండదెబ్బ తగిలిందా యాకూబ్?" తీగలు రెండూ అటుదిటు మార్చి, ఇంజను వేడెక్కాక ఫ్యాను వేశాను. సీటు మీది పాత పేపరు ఎగిరి ఖన్నా గారి మొహానికి అతుక్కుంది. తలుపు దగ్గర నిలబడ్డ మేడమ్, "బంద్ కరో! మార్ డాలోగే క్యా?" అని అరిచింది, ఆపు, చంపేస్తావా అని. ఖన్నా గారు పేపరు తీసేసుకుని నా భుజం తట్టారు. "ఆ యాకూబ్ పాడుచేసింది ఈ యాకూబ్ బాగుచేశాడు" అన్నారు.

నేను కాదనలేదు. మజ్జిగ ఇస్తే తాగి వచ్చేశాను.

తీగ తప్పు కలపడం చేతి తప్పు, అది ఎవరికైనా జరుగుతుంది. యాకూబ్ పేరు చెప్పడం పిరికితనం. తెలిశాక కూడా ఆ భుజం తట్టించుకోవడం మాత్రం దొంగతనం. నేను దానికి ఇంకో మాట వెతికాను, దొరకలేదు.

సుగుణకు అంతా చెప్పాను. ఆవిడ వింటూ కందిపప్పు ఏరుతూనే ఉంది. "వార్డులో ఒకరి మందు ఇంకొకరికి ఇచ్చేస్తే ఏం చేస్తామో తెలుసా? ముందు వెళ్ళి చెప్తాం. సిగ్గుపడటం, ఏడవటం డ్యూటీ దిగాక."

"పేషెంటు బానే ఉన్నాడు కదా సుగుణా. హీటరు పనిచేస్తోంది."

"పేషెంటు హీటరు కాదండీ. యాకూబ్ భాయ్."

అప్పటికప్పుడు వెళ్ళానంటే ఈ కథ ఇంకా అందంగా ఉండేది. వెళ్ళలేదు. ఎండలు తగ్గాక అనుకున్నాను. వానలు తగ్గాక అనుకున్నాను. దీపావళికి బజారు రద్దీ అనుకున్నాను. సుగుణ రోజూ అన్నం పెడుతూ "వెళ్ళారా?" అని మాత్రం అడిగేది, మాత్రలు వేసుకున్నారా అని అడిగినట్టు.

ఎర్రదారం

నవంబరులో వెళ్ళాను. యాకూబ్ భాయ్ ఒక మిక్సీ మోటారు విప్పుతున్నాడు. నిలబడే చెప్పేశాను. ఆయన తల ఎత్తలేదు.

"ముఝే పతా థా" అన్నాడు. నాకు తెలుసు.

"ఎప్పటినుంచి?"

"నువ్వు వచ్చి గాలి రావడం లేదన్నరోజు నుంచి. ఆ మోటారుకు ఇంకే రోగం వస్తుంది?"

"మరి నాకెందుకు చెప్పలేదు, బడే భాయ్?"

అప్పుడు తల ఎత్తాడు. "తార్ దేఖీ అని అడిగాను కదా. అంతకన్నా ఏం చెప్పను? నేను ఆ లాన్‌కు వెళ్ళి నా తప్పు కాదంటే అది కొట్లాట. నువ్వు చెప్తే అది మాట." స్క్రూడ్రైవరుతో నా చొక్కా గుండీ మీద తట్టి, "ఇక్కడ చెప్తే నాకెందుకురా? నా పేరు ఇక్కడ పోలేదు" అన్నాడు.

తర్వాతి ఆదివారం ఆయన్ని నా స్కూటరు మీద ఎక్కించుకుని ధౌలా కువాన్ మీదుగా ఖన్నా గారింటికి తీసుకెళ్ళాను. దారంతా ఆయన పాత పాట ఏదో కూనిరాగం తీస్తూనే ఉన్నాడు.

లాన్‌లో అందరూ ఉన్నారు. యాకూబ్ భాయ్‌ని చూసి ఒకరిద్దరు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. మేడమ్ ఆయన చేతికి టీ ఇచ్చింది. నేను రెండేళ్ళ కిందట అదే చోట అన్న మాటే మళ్ళీ అన్నాను.

"ఖన్నా సాబ్, హీటర్ మే గల్తీ యాకూబ్ కీ థీ."

అందరూ యాకూబ్ భాయ్ వైపు చూశారు. ఆయన ప్రశాంతంగా టీలో చక్కెర కలుపుకుంటున్నాడు.

"కశ్మీరీ గేట్ వాలే కీ నహీ" అని నా గుండె మీద చెయ్యి వేసుకున్నాను. "ఇస్ యాకూబ్ కీ." తప్పు ఆయనది కాదు, ఈ యాకూబ్‌ది అని.

ఎర్రదారం సంగతి, డాష్‌బోర్డు కింద చేసిన సంగతి, మే నెలలో మజ్జిగ తాగి వచ్చేసిన సంగతి, అన్నీ చెప్పాను. ఉస్తాద్ చెప్పిన గేటు ఆరోజు దాటాను. ఖన్నా గారి మొహం ఎర్రబడింది. "రెండేళ్ళ నుంచి ఈయన గురించి నేనెంతమందికి చెప్పానో తెలుసా నీకు?" అన్నారు. తెలుసన్నాను. ఆయన యాకూబ్ భాయ్ దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని, లెక్చరర్ గొంతుతో అందరికీ వినబడేలా క్షమాపణ చెప్పారు. ఆయన చెప్పాల్సిన అవసరం లేదు. నా బదులు ఆయన చెప్పడం చూస్తూ నిలబడటమే నాకు పడిన శిక్ష.

వాతావరణాన్ని మేడమే తేలిక చేసింది. "అంటే నా మోకాళ్ళు రెండు చలికాలాలు నీ వల్ల గడ్డకట్టాయన్నమాట!" అంది. ఎవరో పకపకా నవ్వారు. తలపాగా పెద్దమనిషి ఒకాయన లేచి తన కారు డిక్కీ తెరిచి, పాత గుడ్డలో చుట్టిన వైపరు మోటారు తెచ్చి యాకూబ్ భాయ్ ఒళ్ళో పెట్టాడు. ఏడాదిన్నర నుంచి అది డిక్కీలోనే ఉందట, ఎవరికివ్వాలో తెలియక. యాకూబ్ భాయ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, మోటారు చావదు అన్న తన మాటను అక్కడున్నవాళ్ళకు వినిపించడం మొదలుపెట్టాడు.

నేను పక్కన నిలబడి ఉన్నాను. ఆయన మాట ముగించి నా వైపు తిరిగాడు. కళ్ళల్లో ఆ పాత కొంటెతనం.

"హో గయీ ఉల్టీ, ఛోటే?" వాంతి అయిపోయిందా అని.

"హో గయీ, బడే భాయ్."

"అబ్ ఆరామ్ హై?"

ఇప్పుడు నయంగా ఉందా అని వార్డులో సుగుణ రోజూ పేషెంట్లను అడిగే మాట అది. నా మొదటి హిందీ పాఠాల్లోదే.

"ఆరామ్ హై" అన్నాను.

"తో పకోడా ఖా" అని ప్లేటు నా ముందుకు జరిపాడు.